కాంప్‌బెల్ బే: చూసి వచ్చినవాళ్ళు, ఉండిపోయినవాళ్ళు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు నికోబార్ అంతా తిరిగారు కదా, చూసిన చోట్ల గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. అంతా చెప్పాలంటే అరగంట ఏ మూలకీ చాలదు. అందుకని ఒక్క ఊరి గురించే చెబుతాను. కాంప్‌బెల్ బే. మీలో కొందరు అక్కడ ఐ.ఎన్.ఎస్. బాజ్‌లో పనిచేసి వచ్చారు. కొందరు హెలికాప్టర్‌లో వెళ్ళి మర్నాడే తిరిగొచ్చారు. మిగతావాళ్ళు పేరు విన్నారు. పేరు విన్నవాళ్ళలో ఎక్కువమందికి అది "ఇందిరా పాయింట్‌కి వెళ్ళే దారిలో తగిలే ఊరు". ఆ మాటతోనే నా పేచీ.

ముందు ఊరెక్కడుందో చెప్పుకుందాం, కొత్తగా పోస్టింగ్ మీద వచ్చిన కుర్రవాళ్ళు కూడా ఉన్నారు కనుక. పోర్ట్‌బ్లెయిర్ నుంచి, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్న మన ఊరి నుంచి, దక్షిణంగా సుమారు 540 కిలోమీటర్లు. నికోబార్ దీవులన్నిటిలోకీ పెద్దదైన గ్రేట్ నికోబార్‌కి తూర్పు ఒడ్డున ఉంది. దాని వెనక అడవి, అడవి వెనక 642 మీటర్ల మౌంట్ థుల్లియర్. ఆ దీవి కొసన ఇందిరా పాయింట్. అక్కణ్ణించి సుమత్రా వైపు దీవులు నూటయాభై కిలోమీటర్ల చిల్లర. అంటే మన మద్రాసు కంటే ఇండోనేషియా ఎన్నో రెట్లు దగ్గర. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవి మొత్తానికి ఎనిమిది వేల చిల్లర మనుషులు తేలారు. మన కాకినాడలో ఒక వార్డంత.

చూడ్డానికి వెళ్ళొచ్చినవాళ్ళని అడగండి, రెండే రకాల జవాబులు వస్తాయి. ఒకరు "స్వర్గం సార్, ఆ నీళ్ళ రంగు కెమెరాలో రాదు" అంటారు. ఇంకొకరు "ఏముందక్కడ? వాన, జలగలు, ఫోన్ సిగ్నల్ లేదు, కూరగాయల ధర అడగొద్దు" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ ఊరు ఎలా వెలిసింది, ఎవరు నిలబెట్టారు అని అడిగితే ఇద్దరూ తడుముకుంటారు. మన సంఘంలో కూర్చున్నవాళ్ళు ఆ ప్రశ్నకి తడుముకోకూడదని నా ఉద్దేశం. ఎందుకంటే ఆ ఊరిని నిలబెట్టింది మనబోటి వాళ్ళే. యూనిఫాం విడిచిన సిపాయిలు.

మొదటిసారి నేను అక్కడ దిగింది 1986లో. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, ఓడ మీద లీడింగ్ సీమన్‌ని. మాది భీమిలి కనుక సముద్రమంటే భయం లేదు గానీ, టెన్ డిగ్రీ ఛానల్ దాటేటప్పుడు భీమిలి వాణ్ణనే గీర సగం దిగిపోయింది. అండమాన్‌కీ నికోబార్‌కీ మధ్య ఉన్న ఆ జలసంధిలో వర్షాకాలం నీళ్ళు ఎలా ఉంటాయో సివిల్ ఓడలో వెళ్ళిన ఆడవాళ్ళని అడగాలి. బంకు క్లాసులో రెండు రాత్రులు, మధ్యలో కార్ నికోబార్, నంకౌరి ఆగుకుంటూ వెళ్ళేసరికి కడుపులో పేగులు చేతికొస్తాయి. ఈ మధ్య కుర్రవాళ్ళు మాత్రలు మింగి పడుకుంటున్నారు. మా రోజుల్లో నిమ్మకాయ, ఉప్పు, ఆంజనేయ దండకం.

ఒడ్డు దిగి టీ కొట్టు దగ్గర నేనూ మా ఓడలోనే ఉన్న మన శ్రీకాకుళం కుర్రాడూ తెలుగులో మాట్లాడుకుంటున్నాం. పక్కన ఖాకీ నిక్కరు వేసుకుని, చేతిలో కత్తి పట్టుకున్న ఒక పెద్దమనిషి గ్లాసు కింద పెట్టి ఇటు తిరిగారు.

"ఏ ఊరబ్బాయ్ మీది?"

"భీమిలండి."

"మాది తాడేపల్లిగూడెం అవతల, మాధవరం పక్కన. ఇంటికి రండి, అన్నం తిని వెళ్దురుగాని."

మాధవరం అంటే మన అందరికీ తెలుసు, మిలిటరీ మాధవరం. ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళే ఊరు. ఆ పక్క ఊరి మనిషి హిందూ మహాసముద్రం నడుమ కత్తి పట్టుకుని కొబ్బరితోటకి వెళ్తూ ఏం చేస్తున్నాడు? ఇక్కడ పేరు చెప్పను, ఆయన బతికుంటే ఒప్పుకునేవారు కాదు. మేం బాబాయి గారూ అని పిలిచేవాళ్ళం. గ్రెఫ్ వాళ్ళ లారీ ఎక్కి గాంధీనగర్ వైపు వాళ్ళింటికి వెళ్ళాం. చెక్కతో కట్టిన ఇల్లు, రేకుల కప్పు, ముందు సముద్రం, వెనక కొబ్బరి, పోక చెట్లు. పిన్ని గారు గోంగూర పప్పు వడ్డించారు. గోంగూర ఇక్కడెక్కడిది అంటే, "విత్తనాలు కొంగున కట్టుకుని వచ్చానయ్యా, ఓడలో ట్రంకు పెట్టె తడిసింది గానీ ఈ మూట తడవనివ్వలేదు" అన్నారావిడ.

ఆ పూట విన్నదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. 1962, 1965 యుద్ధాల తరవాత ఢిల్లీలో ఒక ఆలోచన వచ్చింది. దేశానికి అంత దూరపు కొస అలా ఖాళీగా ఉండకూడదు, అక్కడ మన మనుషులు ఉండాలని. ఎవర్ని పంపాలి? కష్టానికి ఓర్చేవాళ్ళు, చెబితే వినేవాళ్ళు, అవసరమైతే నిలబడేవాళ్ళు. అంటే రిటైరైన జవాన్లు. 1969లో మొదటి జట్టు దిగింది. 1980 దాకా విడతలవారీగా 330 కుటుంబాలు వచ్చాయి. ఎక్కువమంది పంజాబ్ వాళ్ళు. మహారాష్ట్ర, తమిళనాడు, కేరళ, ఉత్తరప్రదేశ్, ఇంకా మన ఆంధ్ర నుంచి కూడా వచ్చారు. ఒక్కో కుటుంబానికి ఇంటి స్థలం, వరికి కొంత, తోటకి కొంత, అంతా కలిపి పదెకరాల పైన. ఎకరాలంటే కాగితం మీదే, నేల మీద మాత్రం నలుగురు చేతులు పట్టుకున్నా కౌగిలికి అందని చెట్లు. ఊళ్ళకి గాంధీనగర్, శాస్త్రినగర్, విజయనగర్, జోగిందర్ నగర్, లక్ష్మీనగర్, గోవింద్ నగర్ అని పేర్లు పెట్టారు. కాంప్‌బెల్ బే వాటికి పట్నం.

బాబాయి గారు 1965 యుద్ధంలో ఉన్నారు. నాయక్‌గా పెన్షన్ మీద వచ్చారు. ముగ్గురన్నదమ్ములకి ఊళ్ళో రెండెకరాలు. "ముగ్గురం కొట్టుకోవడం కంటే ఒకడు ఓడెక్కడం మేలనుకున్నాను" అన్నారు. మొదట్లో అందరూ షెడ్లలోనే. చెట్టు కొడితే పడటానికి రోజులు, కాల్చడానికి వారాలు. మలేరియా వచ్చి ఒకరు పడుకుంటే పక్కింటివాడు ఆ పొలంలో కూడా చేసేవాడు. నాటిన కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. మధ్యలో అడవి పందులు, కోతులు. "రెజిమెంట్‌లో కూడా ఇంత కలగలుపు లేదబ్బాయ్, ఇటు సర్దార్జీ, అటు మరాఠా, వెనక మలయాళీ. మా గృహప్రవేశానికి పాయసం సర్దార్జీ భార్య వండింది, అందులో నెయ్యి చూసి మా ఆవిడకి కళ్ళు తిరిగాయి" అని నవ్వారు.

ఇక్కడ ఒక మాట పక్కకి వెళ్ళి చెప్పాలి. సిపాయిలు వచ్చేదాకా ఆ దీవి ఖాళీగా ఏమీ లేదు. తీరాన నికోబారీలు ఉన్నారు, లోపలి అడవిలో షోంపెన్‌లు ఉన్నారు. మనకంటే ఎన్ని తరాల ముందు నుంచో ఉన్నారు. 2011 లెక్కల్లో షోంపెన్‌లు 229 మంది. మన భాషలో మొగలి అంటాం చూశారా, ఆ జాతి చెట్టు పండే నికోబారీలకి అన్నం. 1756లో డేన్‌లు వచ్చి ఈ దీవులు మావన్నారు. జ్వరాలతో చచ్చి, వెళ్ళి, మళ్ళీ వచ్చి, చివరికి 1868లో బ్రిటిష్ వాళ్ళకి అమ్మేసి పోయారు. 1846లో వచ్చిన వాళ్ళ ఓడ గలాతియా పేరే ఇప్పటికీ అక్కడి నదికీ అఖాతానికీ ఉంది. భీమిలిలో డచ్చి సమాధుల మధ్య గోళీలాడుకున్నవాణ్ణి, వచ్చి పోయినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద, పటాల మీద ఎలా మిగిలిపోతాయో నాకు చిన్నప్పుడే తెలుసు. ఉండిపోయినవాళ్ళ పేర్లే ఎక్కడా ఎక్కవు.

రెండోసారి వెళ్ళింది 2005 జనవరిలో. ఎందుకో ఈ హాల్లో చెప్పక్కర్లేదు.

2004 డిసెంబర్ 26, ఆదివారం. పొద్దున ఆరున్నర కావస్తుండగా భూకంపం. ఆ దీవి భూకంప కేంద్రానికి అంత దగ్గర కనుక, నీళ్ళు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అండమాన్ నికోబార్ దీవులు మొత్తం మీద పోయినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి మూడున్నర వేల మంది. కార్ నికోబార్‌లో మన వాయుసేన స్థావరంలోనే సిబ్బంది, వాళ్ళ కుటుంబాలు కలిపి వంద మందికి పైగా పోయారు. ఆ కుటుంబాల వాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు, కాబట్టి అక్కడే ఆగుతాను. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొస నాలుగు మీటర్లకి పైగా కుంగిపోయింది. 1972లో వెలిగించిన ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ అప్పటిదాకా నేల మీద ఉండేది, ఆ పొద్దున తరవాత నీళ్ళలో నిలబడింది. దాని పక్క క్వార్టర్లలో ఉన్న కుటుంబాలు, సముద్ర తాబేళ్ళ మీద పరిశోధనకి వచ్చినవాళ్ళు దక్కలేదు. గాంధీనగర్, శాస్త్రినగర్ తుడిచిపెట్టుకుపోయాయి. తీరం వెంబడి యాభై కిలోమీటర్ల రోడ్డు ముక్కలు ముక్కలైంది.

ఆపరేషన్ సీ వేవ్స్‌లో మా ఓడ అక్కడికి సామాను దించింది. టార్పాలిన్లు, బియ్యం, మందులు, నీళ్ళ డబ్బాలు. క్యాంపులో బియ్యం లైన్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఒక ముసలాయన వచ్చి అటెన్షన్‌లో నిలబడి ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు చెప్పారు. వరసగా, పరేడ్‌లో చెప్పినట్టు. గడ్డం పెరిగింది, చొక్కా ఎవరిదో. నంబరు విన్నాకనే గుర్తుపట్టాను, మన బాబాయి గారే. పంతొమ్మిదేళ్ళ తరవాత.

"బాబాయి గారూ, నేనండి, భీమిలి" అన్నాను. నన్ను గుర్తుపట్టారో లేదో, "నంబరు రాసుకో అబ్బాయ్, డిశ్చార్జి బుక్కు పోయింది, పెన్షన్ పుస్తకం పోయింది, పట్టా పోయింది. మనిషినున్నాను గానీ నేనే అని చెప్పే కాగితం ఒక్కటీ లేదు" అన్నారు. బియ్యం అడగలేదు. చెట్ల గురించి చెప్పారు, ఎన్ని పోయాయో లెక్కతో సహా. పిన్ని గారి సంగతి చీకటి పడేదాకా ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆ తరవాత ఆయనే, "గోంగూర కోస్తోంది" అని ఒక్క మాట అన్నారు.

ఆ రాత్రి ఆయన ఇంకా ఎనిమిది మందిని పిలుచుకొచ్చారు. తొమ్మిది మంది నంబర్లు, రెజిమెంట్లు, చేరిన ఏళ్ళు నా డైరీలో రాసుకున్నాను. ఏ ఒక్కరూ తడబడలేదు. భార్య పుట్టినరోజు మరిచిపోవచ్చు గానీ, సర్వీస్ నంబర్ మనం చచ్చేదాకా మరవం, మీ అందరికీ తెలుసు. వాటిని సంబంధించిన ఆఫీసులకి పంపాం. కొందరికి డూప్లికేట్ కాగితాలు నెలల్లో వచ్చాయి. కొందరికి ఏళ్ళు పట్టింది. ఒక ఆఫీసు నుంచి "ఒరిజినల్ జతపరచవలెను" అని జవాబు వచ్చింది. సముద్రానికి రాయమనాలేమో.

తర్వాత జరిగినవి టూకీగా చెబుతాను. రేకుల షెడ్లలో కొన్నేళ్ళు, ఆ తరవాత ఎత్తు మీద పక్కా ఇళ్ళు. చింగెన్ లాంటి పల్లెల నికోబారీలని కాంప్‌బెల్ బే పక్కన రాజీవ్ నగర్‌కి, న్యూ చింగెన్‌కి తెచ్చారు. సొంత చోటికి వెళ్ళనివ్వమని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. 2012 జులై 31న బాజ్ కమిషన్ అయింది. అప్పటి నుంచి ఊరికి మన సందడి పెరిగింది.

మూడోసారి 2018లో, రిటైరయ్యాక, మామూలు ప్రయాణికుడిలా వెళ్ళాను. మా ఆవిడ, మా బావమరిది కుటుంబం, వాళ్ళ స్నేహితులు, మొత్తం పదకొండు మందిమి. గిరిజన ప్రాంతాలకి పాస్‌లు కావాలి, టిక్కెట్ల కోసం లైన్లు, ఓడ టైము చివరి నిమిషం దాకా తెలియదు. అవన్నీ అయ్యాక ఎక్కాం. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఎలా ఉంటారో అప్పుడు దగ్గర్నించి చూశాను. మొదటి రోజు అందరూ సెల్‌ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతికారు. రెండో రోజు వాన. మూడో రోజు ఒకాయన, "రిసార్ట్ ఎటువైపండీ?" అని బజార్లో అడిగితే కొట్టువాడు నవ్వలేదు కూడా, "వచ్చే ఓడ శుక్రవారం సార్" అన్నాడు. పిల్లలకి మాత్రం సందడే. కొబ్బరి డొక్కని పట్టుకుని చీల్చే పెద్ద పీతని చూశారు. కోడంత పక్షి ఆకులూ మట్టీ గుట్టలు పోసి అందులో గుడ్లు పెడుతుందని ఫారెస్టు వాళ్ళు చెబితే నోళ్ళు తెరుచుకుని విన్నారు. మెగాపోడ్ అంటారు దాన్ని, పొదగడం ఉండదు, ఆ మట్టి వేడికే పిల్లలవుతాయి. మొసళ్ళ సంగతి చెప్పాక ఎవరూ నీళ్ళలో కాలు పెట్టలేదు.

ఇందిరా పాయింట్ దాకా వెళ్ళడం మాకు కుదరలేదు. మా బావమరిది మొహం ముడుచుకున్నాడు. "ఇంత దూరం వచ్చి చివరి మొన మీద నిలబడి ఫోటో లేకపోతే వెళ్ళొచ్చామంటే ఎవరు నమ్ముతారు బావా?" అన్నాడు. అతని బాధా నిజమే. 1984లో ఇందిరాగాంధీ ఆ మొన దాకా వెళ్ళారు, తరవాత ఆమె పేరు పెట్టారు. అంతకు ముందు పిగ్మాలియన్ పాయింట్. దేశం అక్కడితో అయిపోతుందనే మాటకి ఒక ఆకర్షణ ఉంది, కాదనను.

ఆ రోజు ఖాళీ అయింది కనుక బాబాయి గారి అబ్బాయిని వెతుక్కుంటూ వెళ్ళాం. బాబాయి గారు అప్పటికి అయిదేళ్ళ క్రితమే పోయారు. అబ్బాయికి నలభై దాటాయి. భార్య రాంచీ వైపు అమ్మాయి. ఇంట్లో హిందీ. పిల్లలకి తెలుగులో వచ్చిన మాటలు తాత, పప్పు, రా, పో. మా ఆవిడని చూసి ఆ చిన్నది "నానమ్మా" అంది, ఎవరు నేర్పారో. ఇంటి గోడ మీద డూప్లికేట్ మెడల్స్ ఫ్రేము కట్టించి పెట్టారు. ఒరిజినల్స్ సముద్రంలో ఉన్నాయి.

అతనే మమ్మల్ని జీపులో రోడ్డు బాగున్నంత మేర తీసుకెళ్ళాడు. ఒకచోట ఆపి నీళ్ళలోకి చెయ్యి చూపించాడు. తీరానికి కొంచెం లోపల, ఎండి తెల్లబడ్డ చెట్ల మోళ్ళు నిలబడి ఉన్నాయి. "ఆ మూడో మోడుకి ఎడమ పక్క మా ఇల్లు" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మా బావమరిది ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అతను మాత్రం మామూలుగానే ఉన్నాడు. పోక తోట మళ్ళీ వేశానని, ఈసారి ఎత్తు మీద వేశానని, ధర బాగుంటే పెద్దదాన్ని పోర్ట్‌బ్లెయిర్‌లో చదివిస్తానని చెప్పుకుంటూ వచ్చాడు. గలాతియా తీరంలో ఇసుక అంతా సునామీకి పోయిందట, కొన్నేళ్ళకి అదే మళ్ళీ పేరుకుందట, వందల కిలోల బరువుండే లెదర్‌బ్యాక్ తాబేళ్ళు మళ్ళీ గుడ్లకి వస్తున్నాయట. "అవి పుట్టిన చోటికే వస్తాయంకుల్. మా నాన్నేమో పుట్టిన చోటికి ఒక్కసారే వెళ్ళాడు, వారం ఉండలేక తిరిగొచ్చేశాడు" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఓడ డెక్ మీద మా వాళ్ళు ఎక్కువగా మాట్లాడుకుంది ఆ మోళ్ళ గురించే. నీళ్ళ రంగు గురించి కాదు.

ఈ సందర్భంలోనే ఇంకో కాంప్‌బెల్ సంగతి. కాంప్‌బెల్ అనేది స్కాట్లండ్ ఇంటిపేరు. మా మేనల్లుడు గ్లాస్గోలో ఉద్యోగం చేస్తాడు. నేను ఈ ఊరి సోది చెప్పీ చెప్పీ, వాడు అక్కడ కాంప్‌బెల్‌టౌన్ అనే ఊరు ఉందని చూడ్డానికి వెళ్ళాడు. కింటైర్ అనే పొడవాటి భూమి నాలుక చివర, బస్సులో నాలుగు గంటల పైచిలుకు. అదీ సముద్రపు ఒడ్డే, అదీ చివరే, జనం అయిదు వేల లోపే. అక్కడా వాన. ఒకప్పుడు ముప్ఫైకి పైగా విస్కీ బట్టీలు ఉండేవట, ఇప్పుడు మూడే. మన క్యాంటీన్ సభ్యులు బాధపడాల్సిన విషయమే. పక్కనే మక్రిహానిష్‌లో మూడు కిలోమీటర్ల రన్‌వే, అమెరికా, రష్యాల ఉద్రిక్తత రోజుల్లో నాటో కోసం వేసింది. సైన్యం వెళ్ళిపోయాక చిన్న విమానాలు దిగుతున్నాయి. వీణ్ణి ఒక హోటల్ ముసలావిడ "ఇంత దూరం ఎందుకొచ్చావు నాయనా?" అని అడిగి, ఒక గంటసేపు ఆ ఊరి నుంచి యుద్ధాలకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ కథలు చెప్పిందట. రాతి మీద చెక్కిన ఆ పేర్లు వీధి చివరే ఉన్నాయట, ఎవరు వెళ్ళినా కనబడేలా. వాడు ఫోన్‌లో ఆ సంగతి చెబుతుంటే, నాకు నా డైరీలోని తొమ్మిది నంబర్లు గుర్తొచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతి. 2022 నవంబర్‌లో గ్రేట్ నికోబార్ ప్రాజెక్ట్‌కి పర్యావరణ అనుమతి వచ్చింది. గలాతియా అఖాతంలో పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్నం, విద్యుత్ కేంద్రం. అప్పటి అంచనా 72 వేల కోట్ల రూపాయలు. తాబేళ్ళ గురించి, అడవి గురించి, షోంపెన్‌ల గురించి దేశమంతా వాదన నడుస్తోంది. అది ఈ వేదిక మీద తేలేది కాదు. నేను చెప్పేది మాత్రం ఒకటుంది. విమానాశ్రయానికి చూస్తున్న నేల గాంధీనగర్, శాస్త్రినగర్ వైపుది. సిపాయిలు చెట్లు కొట్టి చదును చేసిన నేల. కొంత సముద్రం తీసుకుంది, మిగిలినదాన్ని సేకరణలో అడుగుతున్నారు. ఆ పిల్లల్లోనే కొందరు రానివ్వండి, ఉద్యోగాలొస్తాయి, ఆస్పత్రి వస్తుంది, కాన్పుకి హెలికాప్టర్ కోసం ఎదురుచూడక్కర్లేదు అంటున్నారు. వాళ్ళని తప్పుపట్టేవాడు అక్కడ ఒక వర్షాకాలం ఉండి చూడాలి. కొందరు నాన్న నాటిన నేల ఇచ్చి ఎక్కడికి పోతాం అంటున్నారు. ఏది జరిగినా పదేళ్ళలో ఆ ఊరు మనం చూసిన ఊరుగా ఉండదు. 1969లో దిగినవాళ్ళలో మిగిలినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళ భార్యలు ఇంకొంచెం ఎక్కువమంది ఉంటారు.

మన తెలుగువాళ్ళు ఈ దీవుల్లో తక్కువేమీ కాదు. 2011 లెక్కల ప్రకారం నూటికి పదమూడు మంది. జంగ్లీఘాట్‌లో మన శ్రీకాకుళం, విశాఖ జాలరుల సంగతి అందరికీ తెలుసు, వాళ్ళ అమ్మవారి పండగ అందరం చూస్తాం. కాంప్‌బెల్ బేలో స్థిరపడ్డ తెలుగు సిపాయిల జాబితా మాత్రం మన సంఘం దగ్గర లేదు. సావనీర్ పాత సంచికలు నేను తిరగేశాను. తాజ్‌మహల్ యాత్ర ఉంది, సింగపూర్ యాత్ర ఉంది, ఇది లేదు.

అందుకని ఒక పని అడుగుతున్నాను. బాజ్‌లో ఇప్పుడు పనిచేస్తున్న మన కుర్రవాళ్ళు, టెంపరరీ డ్యూటీ మీద వెళ్ళేవాళ్ళు, రాబోయే సీజన్‌లో కుటుంబాలతో చూడ్డానికి వెళ్ళేవాళ్ళు, ఒక పూట ఆ ఇళ్ళకి వెళ్ళండి. షోంపెన్‌ల ఫోటోల కోసం అడవి రోడ్డు మీద తిరక్కండి, అది చట్టరీత్యా నేరం, మర్యాద కూడా కాదు. సిపాయి ఇళ్ళకి వెళితే టీ ఇస్తారు. వెళ్ళేటప్పుడు ఒక ఆవకాయ సీసా పట్టుకెళ్ళండి. పెద్దవాళ్ళుంటే ఇవి అడిగి రాసుకోండి: నంబరు, ర్యాంకు, రెజిమెంట్ లేదా కోర్, మన దగ్గర ఏ ఊరు, ఏ ఏడు ఏ ఓడలో వచ్చారు, మొదట ఏ నగర్‌లో దిగారు, ఇప్పుడు ఎక్కడున్నారు. తెలుగు రాకపోతే హిందీలో అడగండి, సంకోచం వద్దు. భర్త లేకపోతే భార్యని అడగండి, ఆడవాళ్ళకే ఎక్కువ గుర్తుంటుంది, ఏ నెలలో ఏం వండారో కూడా చెబుతారు. కాగితాలుంటే ఫోటో తీసుకోండి, వాళ్ళు ఒప్పుకుంటేనే.

నా డైరీలోని తొమ్మిది మందిలో తెలుగువాళ్ళు ఇద్దరు. ఒకరు బాబాయి గారు, రెండోవారిది ప్రకాశం జిల్లా, ఆర్టిలరీ, 1974లో వచ్చారు. ఆ పేజీ జెరాక్స్ తీసి కార్యదర్శి గారికి ఇచ్చాను. మూడో పేరు ఎవరు తెచ్చినా ఆయన దగ్గర రిజిస్టర్‌లో రాయించండి. ఓడ టిక్కెట్లు నెల ముందు నుంచి చూసుకోవాలి, డిసెంబర్ నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నయం. సముద్రం పడని వాళ్ళకి మా ఆవిడ ఉసిరికాయ వాడమంటోంది, అడిగితే ఇస్తుంది, వెనక మూడో వరసలో కూర్చుని ఉంది.